మనకు నెలలు నిండాయి

పిండిబండి కంపెనీకి అన్నీ ఉన్నాయి గానీ కల్చర్ మాత్రం లేదన్న సంగతి ఒక మంగళవారం పొద్దున పదకొండున్నరకు బయటపడింది.

అంతవరకూ ఆ లోటు ఎవరికీ తెలియలేదు పాపం. ఇడ్లీ పిండి, దోసె పిండి, పెసరట్టు పిండి ప్యాకెట్లలో పోసి, ఫోన్లో నొక్కినవాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చే కంపెనీ అది. మూడేళ్ళ కిందట కొంపల్లిలో సాత్విక్ అనే కుర్రాడు వాళ్ళమ్మ వంటింట్లో ఒక్క గ్రైండరుతో మొదలుపెట్టాడు. ఇవాళ దానికి మూడంతస్తుల భవనం, కింద పద్నాలుగు పెద్ద గ్రైండర్లు, పైన ఏసీ గదులు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళతో సహా మూడొందల అరవై నాలుగు మంది మనుషులు. ఎండాకాలం రాత్రి బయట వదిలేసిన పిండిలాగా పొంగింది. గిన్నె దాటి పొంగిందా, ఇంకా గిన్నెలోనే ఉందా అని చూసుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆ మంగళవారం బెంగళూరు నుంచి మార్కండేయులుగారు వచ్చారు. కంపెనీలో పెట్టుబడి పెట్టిన పెద్దమనుషుల తరఫు మనిషి. మూలం నెల్లూరు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడతారు. అన్ని అంతస్తులూ తిరిగి, చివరికి హైమ పనిచేసే ల్యాబులోకి వచ్చారు.

హైమ సిద్దిపేట పిల్ల. మైక్రోబయాలజీ చదివింది. సాత్విక్ పెట్టుకున్న మొట్టమొదటి ఉద్యోగి. పిండి ఎంతసేపు పులియాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆమె చెప్పాలి. ఆమె చెంచాతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని "ఇంకో గంట" అందంటే సాత్విక్ అయినా సరే ఇంకో గంట ఆగాల్సిందే.

"ఏమమ్మా, మీ కల్చర్ ఏమిటి?" అన్నారు మార్కండేయులుగారు చిరునవ్వుతో.

"రెండు రకాల బ్యాక్టీరియా సార్," అంది హైమ. "ఒకటి పులుపుకు, ఒకటి పొంగుకు. ఫ్రిజ్జుల పెట్టినం. చూస్తరా?"

"అది కాదమ్మా. కంపెనీ కల్చర్."

"గదే సార్. కంపెనీదే. బయటికెల్లి కొన్నది గాదు, మేమే పెంచినం."

మార్కండేయులుగారు నవ్వారు. సాత్విక్ కూడా నవ్వాడు గానీ, అది పళ్ళనొప్పి ఉన్నవాడి నవ్వు. కారెక్కే ముందు మార్కండేయులుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "చూడు నాయనా, ఇంతమందిని పోగేశావు, కల్చర్ డిఫైన్ చేసుకోలేదు. వెయ్యి మంది అయ్యాక చేద్దామంటే కుదరదు. నాలుగు నెలల్లో మళ్ళీ వస్తాను. అప్పుడు ఈ గుమ్మంలో ఎవర్నడిగినా ఒక్కటే జవాబు రావాలి" అన్నారు.

సాత్విక్‌కి ఆ వారమంతా అన్నం సయించలేదు. సరిగ్గా పదో రోజున పరాంకుశంగారు దిగారు.

పరాంకుశంగారు కల్చర్ నిపుణులు. అప్పటికి అయిదు కంపెనీలకు కల్చర్ తయారుచేసి ఇచ్చారు. వాటిలో నాలుగు కంపెనీలు ఇప్పుడు లేవు గానీ, వాటి కల్చర్లు మాత్రం ఆయన ల్యాప్‌టాప్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, అంతస్తు అంతస్తుకూ తిరుగుతూ జనం మాటలు విన్నారు. మూడో వారం అందర్నీ కింద గ్రైండర్ల హాల్లో నిలబెట్టి, గ్రైండర్లు ఆపించి, మైకు పట్టుకున్నారు.

"మిత్రులారా! వ్యాధి మూలము లభించినది. అది మీ నాలుకల మీదనే ఉన్నది. ఆంగ్లేయునకు ఒకే 'వి' కలదు. ఆ దరిద్రుడు దానితోనే సరిపెట్టుకొనవలెను. మన తెలుగువానికి రెండు కలవు. 'మనం' అన్న ఎదుటివాడు లోపలికి వచ్చును. 'మేము' అన్న ఎదుటివాడు గుమ్మము బయటనే నిలబడును. ఈ సంస్థలో నేను పద్నాలుగు దినములలో 'మేము' అను పదమును పదకొండు వేల మార్లు వింటిని. 'మేము రుబ్బినం, మీరు ప్యాక్ చెయ్యలేదు.' 'మేము ప్యాక్ చేశాం, మీరు పంపలేదు.' అదియే గోడ. ఆ గోడ నేడు కూలుచున్నది!"

అందరూ చప్పట్లు కొట్టారు. గ్రైండర్లు ఆగినందుకు కొట్టారని కొందరంటారు.

ఆ సోమవారం నుంచి 'మనత్వ సంహిత' అమలులోకి వచ్చింది. మేము, మీరు, నేను, నువ్వు, నాది, నీది, వాళ్ళది అన్నీ రద్దు. ఇకమీదట 'మనం' ఒక్కటే. అంతస్తుకో ఇత్తడి గంట వేలాడదీశారు. ఎవరి నోటి నుంచైనా 'నేను' అని వినపడితే పక్కవాడు గంట కొట్టాలి. తప్పు చేసినవాడు లేచి నిలబడి పదకొండుసార్లు 'మనం' అనాలి. సాత్విక్‌ని అందరూ తమ్ముడూ, అన్నా అని పిలిచే అలవాటు కూడా పోయింది, ఎందుకంటే ఎవరి తమ్ముడు, ఎవరి అన్న అన్న ప్రశ్న వస్తుందట. "మనన్న" అనాలి. హైమక్క "మనక్క" అయింది.

మొదట్లో సరదాగానే ఉంది, కాదనకూడదు. గ్రైండర్ల దగ్గర పెద్ద మేస్త్రీ సాయన్న పొద్దున్నే ఎదురుపడి, "ఏంది మనక్కా, మనం చాయ్ తాగినమా?" అనేవాడు.

"తాగినం."

"మరి మనకు కడుపుల పడ్డట్టు లేదే!"

కస్టమర్ కేర్‌లో మాత్రం సరదా మొదటి రోజే అయిపోయింది. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, పిండి చేదెక్కిందని గోల పెట్టింది. నాగలక్ష్మి అనే పిల్ల చాలా మర్యాదగా, "అవునండీ, మనం పిండి పాడుచేశాం. మనం చాలా సిగ్గుపడుతున్నాం" అంది.

"నేనేం పాడుచేశానే? నేనెందుకు సిగ్గుపడాలి?"

"మనం అలా అనుకోకూడదండీ. మనం శుభ్రత పాటించలేదు."

ఆవిడ వాళ్ళింటాయన్నీ, పక్కింటివాళ్ళనూ వెంటబెట్టుకుని కొంపల్లి దాకా వచ్చింది. ఆమెను శాంతపరచడానికి నాలుగు కాఫీలు పట్టాయి.

పాపం నాగలక్ష్మికి ఆ నెల అస్సలు కలిసిరాలేదు. పార్సిల్ విభాగంలో చైతన్య అని ఒక బుద్ధిమంతుడున్నాడు. ఆ పిల్లకు అతనంటే కొంచెం ఇదిగా ఉండేది. ఒకరోజు అతను చక్కగా దువ్వుకుని వచ్చి, పసుపు రాసిన కవరు చేతిలో పెట్టి, "ఇరవై రెండున మన పెళ్ళి. తప్పకుండా రావాలి" అన్నాడు. నాగలక్ష్మి ఒళ్ళంతా పులకరించి కవరు విప్పింది. లోపల పెళ్ళికూతురి పేరు వేరే ఉంది. సాయంత్రం దాకా ఆ పిల్ల బాత్రూములోంచి బయటికి రాలేదు. ఈలోపు కంప్యూటరు వాళ్ళు ఒక పని చేశారు. కంపెనీ ఉత్తరాల్లో ఎక్కడ 'నా' కనపడినా దాన్ని 'మన'గా మార్చే ఏర్పాటు పెట్టారు. మర్నాటికి ఆ పిల్ల గుర్తింపు కార్డు మీద మనగలక్ష్మి అని అచ్చయింది. పప్పు నానబెట్టడం మననబెట్టడం అయింది. నాణ్యతాధికారిగా ఉన్న హైమ మనణ్యతాధికారి అయింది.

హైమ వీటన్నిటికీ నవ్వుకునేది. ఆమె ధ్యాసంతా వేరే ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళకు ఆమె మళ్ళీ నీళ్ళోసుకుంది. మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, నాలుగేళ్ళ కింద ఒకసారి ఆరో నెల దాకా వచ్చి పోయింది. అప్పుడు వేరే కంపెనీలో రోజంతా నిలబడే పని. ఈసారి ఏడో నెల పడగానే డాక్టరమ్మ బీపీ చూసి, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఇగ నిలబడుడు బంద్. ఇంట్ల పండుకోవాలె. సెలవు పెట్టు. మల్లా పోయినసారి లెక్క అయితే నా దగ్గరికి ఏడ్చుకుంట రాకు" అంది.

హైమ భర్త వీరేశం ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆటోలో వస్తూ, "ఉద్యోగం పోతే పోనీయే, మానెయ్" అన్నాడు. హైమకు భయమేసింది, కోపమూ వచ్చింది. ఉద్యోగం ఎందుకు పోవాలి? వంటింట్లో ఒక్క గిన్నెతో మొదలుపెట్టి ఆ ల్యాబును అంతచేసింది ఆమె. చట్టప్రకారం నూట ఎనభై రెండు రోజుల ప్రసూతి సెలవుంది. కనేసి, కొన్నాళ్ళు పెంచుకుని, మళ్ళీ వచ్చి తన ల్యాబులో తను నిలబడాలి. ఆమె కోరిక అంతే.

మర్నాడు దరఖాస్తు రాసింది. 'నాకు ఏడో నెల. నాకు ప్రసూతి సెలవు మంజూరు చేయగలరు.' సాయంత్రానికి అది ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. అభ్యంతరాలు రెండు. మొదటిది 'నాకు'. రెండోది కూడా 'నాకు'.

హైమ పెన్ను కొరుక్కుంది. కొట్టేసి మళ్ళీ రాసింది. 'మనకు ఏడో నెల. మనకు ప్రసూతి సెలవు మంజూరు చేయగలరు.'

పావుగంటలో మంజూరైంది. సంహితలో ఎనిమిదో అంశం ప్రకారం, మనత్వ భాషలో సక్రమంగా రాసిన ఏ దరఖాస్తునైనా తక్షణం ఆమోదించి తీరాలి, ఎందుకంటే మనల్ని మనమే కాదనుకోవడం ఆత్మవంచన. గంటలో కంపెనీ మొత్తానికి ఉత్తరం వెళ్ళింది. 'మనకు శుభవార్త! మనం తల్లులం కాబోతున్నాం!' క్యాంటీన్‌లో అందరికీ పాయసం పోశారు. హైమకు కళ్ళు చెమర్చాయి. మంచివాళ్ళే అనుకుంది.

రెండో ఉత్తరం మర్నాడు వచ్చింది. 'మనకు లభించిన ప్రసూతి సెలవు నూట ఎనభై రెండు దినములు. మనము మూడు వందల అరవై నాలుగు మందిమి. కావున మనకు తలకు అర దినము చొప్పున ప్రసూతి సెలవు కేటాయించడమైనది. ఎవరి అర దినము ఎప్పుడో జాబితాలో చూసుకొనగలరు.'

హైమ జాబితా చూసింది. ఆమె అర్ధరోజు వచ్చే గురువారం మధ్యాహ్నం పడింది. గబగబా మెట్లెక్కి పరాంకుశంగారి గదికి వెళ్ళింది, ఏడో నెల కడుపుతో ఎంత గబగబా ఎక్కగలిగితే అంత.

"సార్, ఇదేంది? కనేది నేను!"

బయట ఎవడో గంట కొట్టాడు. హైమ నిలబడి, ఆయాసపడుతూ పదకొండుసార్లు 'మనం' అంది. అప్పుడు పరాంకుశంగారు కుర్చీ చూపించారు.

"చట్టము నూట ఎనభై రెండు దినములు ఇమ్మన్నది. మనము ఇచ్చితిమి. ఒక్క దినమునైనను తగ్గించితిమా?"

"సార్, సాయన్నకు సెలవెందుకు? సాయన్న కంటడా?"

"ఆ ప్రశ్నయే గోడ, మనక్కా. మన గర్భములో ఉన్నది ఎవరి శిశువు? మన శిశువు. ఆ భారమును ఒక్కరే మోయవలెననుట స్వార్థము."

"మరైతే ఈ బీపీ గూడ పంచుండ్రి సార్, తలా యింత."

ఆయన ఆ మాటను పుస్తకంలో రాసుకున్నారు. మంచి సూచన అన్నారు.

ఆ గురువారం లోపే పదహారుగురు ప్రసూతి సెలవు వాడుకున్నారు. సాయన్న తన అర్ధరోజుకు ఇంటికి వెళ్ళి మంచం మీద పడుకుంటే, భార్య వచ్చి, "ఏమైందయ్యా, పానం బాగలేదా?" అని అడిగిందట. ప్రసూతి సెలవన్నాడట. ఆమె చీపురు తీసుకుందని కొందరు, చెంబు తీసుకుందని కొందరు. సాయన్న మాత్రం ఆ సంగతి ఎత్తితే, "మనకు దెబ్బలు తగిలినయ్" అని ఊరుకునేవాడు. హైమ దగ్గరికి వచ్చి మాత్రం చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. "మన అర్ధరోజు మనకే ఇయ్యమన్న బిడ్డా. అట్ల ఇయ్యరాదంట. మనది మనకు ఇచ్చుడేందని అడిగిన్రు" అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పరాంకుశంగారు సామూహిక సీమంతం పెట్టించారు.

సీమంతమంటే కడుపుతో ఉన్న మనిషిని పీట మీద కూర్చోబెట్టి, చేతులనిండా గాజులు తొడిగి, తలా ఒక అక్షింత వేసి, కడుపు చల్లగా ఉండాలని చెప్పడం. హైమకు పోయినసారి జరగలేదు. ఆ ముచ్చట ఆమె మనసులో అట్లాగే ఉండిపోయింది. కంపెనీలో సీమంతం అనగానే ఆ ఉత్తరాలన్నీ మరిచిపోయి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. చూస్తే గ్రైండర్ల హాల్లో మూడొందల అరవై నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. అక్షర క్రమంలో కూర్చోవాలి. హైమది ఆఖరి వరుస. సెక్యూరిటీ వాళ్ళతో సహా అందరి మెడల్లోనూ పూలదండలు. గాజు గాజులైతే పగిలి పిండిలో పడతాయని మనణ్యతాధికారిగా హైమే అభ్యంతరం పెట్టాల్సి వచ్చింది. అందుకని ప్లాస్టిక్‌వి తెప్పించారు. సాయన్న చేతికి ఏ కొలతా పట్టలేదు, రెండు గాజులు చిటికెన వేలికి వేలాడదీశారు. సాత్విక్ ఆమె ముందు వరుసలో సిగ్గుపడుతూ పసుపు పూయించుకున్నాడు. గాజులు ఆఖరి వరుస దాకా వచ్చేసరికి అయిపోయాయి.

హైమ ఇంటికి వచ్చి వీరేశం ముందు చేతులు చాపి చూపించింది. ఒక్క గాజు లేదు. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళదీ కలిపి.

ఎనిమిదో నెల సగమయ్యేసరికి కాళ్ళు వాచాయి. బీపీ ఇంకా పెరిగింది. ఒక సాయంత్రం హైమ సాత్విక్ గదికి వెళ్ళింది. ఇదే కుర్రాడు మూడేళ్ళ కింద వాళ్ళమ్మ వంటింట్లో, అక్కా ఒక్క చుక్క చూడవా, అని చెంచా పట్టుకుని వెంటబడేవాడు.

"సాత్విక్, మనకు కాళ్ళు వాచినయ్. మనకు భయమైతాంది," అంది. ఏడవకూడదని గట్టిగా అనుకుని వచ్చింది.

సాత్విక్ ముఖం నిజంగానే నల్లబడింది. కిందకు చూశాడు. తలుపు వైపు చూశాడు. తలుపు బయట గంట ఉంది.

"మనం ఫీల్ అవుతున్నాం అక్కా... మనక్కా. ప్రాసెస్ మధ్యలో ఎక్సెప్షన్ ఇచ్చామంటే కల్చర్ స్కేల్ అవదు. మార్కండేయులుగారు వచ్చి వెళ్ళేదాకా, జస్ట్ మూడు వారాలు, మనం మేనేజ్ చేద్దాం."

"మనం ఎట్ల మేనేజ్ చేస్తం? మన కాళ్ళు చూసుకో. వాచినయా?"

సాత్విక్ నిజంగానే తన కాళ్ళు చూసుకున్నాడు. వాచలేదు.

ఆ మూడు వారాలు హైమ ఒక స్టూలు మీద కూర్చుని నెట్టుకొచ్చింది. మార్కండేయులుగారు వచ్చే రోజు పొద్దున లేచేసరికి కళ్ళముందు మసక. వీరేశం బండి తాళాలు దాచేశాడు. "ఇయ్యాల పోయేదుంటే నా మీదికెల్లి పో," అన్నాడు. హైమ అతని పక్కన కూర్చుంది. ల్యాబు గుర్తొచ్చింది, పోయినసారి ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. రెండోదే పెద్దదనిపించింది. "మానేస్తనయ్యా. కాయితం ఇచ్చొస్త. గంటల వచ్చేస్త," అంది. వీరేశం తనే తీసుకెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

పరాంకుశంగారి గదిలో ఆమె కాగితం మీద, 'నేను ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను' అని రాసి ఇచ్చింది. ఆయన ఇవాళ పట్టు కండువా వేసుకున్నారు. కాగితం వంక చూసి, నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, ఎర్ర పెన్ను తీశారు. 'నేను' చుట్టూ సున్నా చుట్టారు.

"చివరి దినమున కూడ ఈ అలవాటు పోలేదు గదా! సరిచేసి ఇమ్ము."

హైమ కాగితం తీసుకుంది. పెన్ను తీసుకుంది. 'నేను' కొట్టేయబోయి, ఆగింది. ఆయన ముఖం వంక ఒకసారి చూసింది. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. అప్పుడు వెలిగింది హైమకు. కొత్త కాగితం అడిగి, గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది.

'మనం ఈ రోజు పదకొండు గంటల నుంచి ఉద్యోగాలకు రాజీనామా చేస్తున్నాం.'

పరాంకుశంగారు చదివి, మురిసిపోయారు. "ఇది భాష!" అన్నారు. ముద్ర కొట్టారు. ఎనిమిదో అంశం ప్రకారం తక్షణం ఆమోదం. గుమాస్తా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. అలవాటు ప్రకారం మూడొందల అరవై నాలుగు మందికీ ఉత్తరం వెళ్ళింది. 'మన రాజీనామా ఆమోదించబడినది. మన సేవలకు మన కృతజ్ఞతలు.'

పదకొండు అయ్యేసరికి సాత్విక్ పై అంతస్తులో మార్కండేయులుగారికి మనత్వం మీద బొమ్మలు చూపిస్తున్నాడు. ఆయన తల ఊపుతున్నారు. అప్పుడు కాళ్ళకింద సన్నగా వణుకుతూ ఉండే నేల వణకడం మానేసింది. పద్నాలుగు గ్రైండర్లూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ భవనంలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సాత్విక్ మెట్లు దూకుకుంటూ వచ్చాడు, వెనకాల మార్కండేయులుగారు, ఆ వెనక పరాంకుశంగారు, ఆయన గుమాస్తా. కింద సాయన్న చేతులు కడుక్కుంటున్నాడు. జనం సంచులు సర్దుకుంటున్నారు. నాగలక్ష్మి హెడ్‌ఫోన్లు చుట్టి డబ్బాలో పెడుతోంది. హైమ ఒక పిండి డబ్బా మీద కూర్చుని ఉంది, లేచే ఓపిక లేక.

"ఏమైంది? ఎందుకాపారు?" అని అరిచాడు సాత్విక్.

"మనం రాజీనామా చేసినం గద మనన్నా," అన్నాడు సాయన్న. "కాయితం వచ్చె. ముద్ర గూడ ఉన్నది. మనం గూడ ఇంటికి పోవుడే."

"నేను చెయ్యలేదు!"

ఎవరూ గంట కొట్టలేదు. ఉద్యోగం లేనివాడు గంటెందుకు కొడతాడు?

"నేను రాజీనామా చెయ్యలేదు! ఎవర్నడిగి రాశారు నా తరఫున? ఇది నా కంపెనీ! నేను పెట్టాను, మా అమ్మ వంటింట్లో నేను పెట్టాను. ఇది నాది! నాది!"

ఆ మాట హాలంతా తిరిగి వచ్చింది. సాత్విక్ నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పరాంకుశంగారు కండువా సర్దుకుంటూ, "ఆ ప్రయోగము సంహితకు..." అని మొదలుపెట్టి, సాత్విక్ చూపు చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

హైమ డబ్బా పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"నాది అంటే ఎంత బాగున్నదో చూసినవా తమ్మీ?" అంది. "నీ కంపెనీ మీద ఇంకొకరు సంతకం పెడితే నీకు పానం పోయినట్టయింది. నా కడుపును గీళ్ళందరు కలిసి రెండు నెల్లు పంచుకున్నరు. ఇది మనది గాదు. ఇది నాది. ఈ వాపులు నావి, ఈ భయం నాది. పోయినసారి పోయింది గూడ నాదే. నా సెలవు నాకియ్యి."

సాత్విక్ గుమాస్తా చేతిలోంచి కాగితాల అట్ట లాక్కుని రాశాడు. 'హైమవతి గారికి నూట ఎనభై రెండు రోజుల సెలవు నేను మంజూరు చేస్తున్నాను.' కింద సంతకం పెట్టి, "అక్కా, నన్ను..." అన్నాడు. మిగతాది మింగేశాడు.

"మింగకు. అను," అంది హైమ.

"నన్ను క్షమించు. తప్పు నాది."

సాయన్న పోయి గ్రైండరు స్విచ్చి వేశాడు. ఆ హోరులో మార్కండేయులుగారు సాత్విక్‌ని గట్టిగా కౌగిలించుకున్నారు. "నాలుగు నెలల నుంచి నేను ఎదురుచూసింది ఇదేనయ్యా! నా కంపెనీ, నా తప్పు, నా సంతకం. దీన్నే ఓనర్‌షిప్ కల్చర్ అంటారు! ఎవరు చేశారు ఈ డిజైన్?" అన్నారు.

పరాంకుశంగారు వినయంగా ఒక అడుగు ముందుకు వేశారు. మర్నాటి నుంచి కంపెనీలో 'మనం' నిషేధమనీ, ప్రతి వస్తువుకూ ప్రతి మనిషీ నాది అని చీటీ అంటించుకోవాలనీ, మొదటి వారంలోనే క్యాంటీన్ కుర్చీ కోసం ఇద్దరు కొట్టుకున్నారనీ తర్వాత నాగలక్ష్మి ఫోన్లో చెప్పింది. హైమ మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కాళ్ళకింద రెండు దిండ్లు పెట్టుకుని, ఆ కబుర్లన్నీ హాయిగా విన్నది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. వీరేశం, అత్తగారు చెరోపక్కా పట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చారు. లోపల ఒక పెద్ద వయసు నర్సమ్మ కాగితం ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"ఎవరికమ్మా నొప్పులు?"

మూడు నెలల అలవాటు, నోరు దానంతట అదే తిరిగింది. "మనకు," అంది హైమ.

నర్సమ్మ తల ఎత్తి చూసింది. "నాకెందుకొస్తయమ్మా నొప్పులు? నాకు ముగ్గురు పుట్టి పెండ్లిళ్ళు గూడ అయినయ్. సక్కగ చెప్పు. ఎవరికి?"

హైమకు నొప్పి ఒక కెరటంలా వచ్చింది, నవ్వు ఇంకో కెరటంలా వచ్చింది. వీరేశం చెయ్యి పిండేస్తూ, వరండా చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేట్టు అరిచింది.

"నాకే అమ్మా! నాకొక్కదానికే!"